ముందు గదిలో మాటలు

"ఆ ఉతై రోడ్డు మీదే అంతా అయిపోయుంటే ఇద్దరికీ తెరిపిగా ఉండేదేమో... అంతే కదేటి?"

గోడవేపు మొహం తిప్పుకునే అన్నాడు సూర్యారావు.

మధులత చేతిలో పళ్ళెం చేతిలోనే ఉండిపోయింది. నిన్నట్నించి అతను మెతుకు ముట్టలేదు. కడుపులో బాగాలేదా అంటే కాదన్నాడు. కూర నచ్చలేదా అంటే మాట్లాడలేదు. బతిమాలింది, కసిరింది, మళ్ళీ బతిమాలింది. ఇప్పుడీ మిట్టమధ్యాహ్నం వేళ, చారన్నం కలిపి తెచ్చి మంచం పక్కన నిలబడితే, అతని నోట్లోంచి ఆ మాట వచ్చింది.

ఆ మాట అతనిది కాదు. తనది.

ఒక్కసారంటే ఒక్కసారి అంది. ముందు గదిలో, తలుపు మూసి, కూలర్ హోరులో, పక్క క్వార్టరు విమలకుమారితో అంది. అనగానే చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఆ గదిలో మూడో మనిషి లేడు.

"ఎవరు చెప్పేరు మీతో?"

"ఎవరు చెప్తే ఏటి? అబద్ధమా?"

ఆమె పళ్ళెం స్టూలు మీద పెట్టింది. అబద్ధమని అనడానికి నోరు తెరిచింది. రాలేదు. నిజమని అనడానికీ రాలేదు.

గుమ్మంలోంచి అత్త అప్పలనర్సమ్మ తొంగి చూసింది. "ఏటంతాడు? తిన్నాడేటి?"

"లేదత్తా."

ముసలావిడ కొడుకు వీపు వంక చూసింది, కోడలి మొహం వంక చూసింది, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సూర్యారావు నడుం కింద చచ్చుపడిపోయి ఇది రెండో ఎండాకాలం. పక్క ఊరు ఉతైలో పెళ్ళి భోజనం చేసి వస్తూ స్కూటర్ జారి పడ్డాడు. మనిషి దక్కాడు, కాళ్ళు దక్కలేదు. చేతులు మాత్రం చక్కగా ఆడతాయి. అందుకే తమ్ముడు మహేశ్ మంచం మీదికి వంగేలా ఓ బల్ల చేయించి, దాని మీద పాత కంప్యూటరొకటి పెట్టాడు. శుభలేఖలు, హిందీ అర్జీలు, తెలుగు సంఘంవాళ్ళ పత్రికలు అన్నీ సూర్యారావు పడుకునే టైపు చేస్తాడు. ముందు గదిలో ఇంకో కంప్యూటరు, ప్రింటరు. అక్కడ మధులత కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడుతుంది, కాగితాలు తీసి ఇస్తుంది. రెండు గదుల మధ్య గోడకి కన్నం పెట్టి ఓ నీలం తీగ లాగారు. ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, రిసాలి క్వార్టర్లలో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఆ ఇల్లు తెలుసు.

ఆమె చెప్పులు వేసుకుంది. ఎండలో పెరడు దాటింది.

* * *

విమలకుమారి అప్పుడే డ్యూటీ నించి వచ్చినట్టుంది. నర్సు చీర మార్చుకోకుండానే కుర్చీలో కూలబడి, పాదాలు బకెట్ నీళ్ళలో పెట్టుకుని ఉంది.

"రా మధూ. తిన్నాడా అతను?"

"కూర్చోడానికి రాలేదక్కా."

ఆ గొంతు విని విమలకుమారి తలెత్తింది.

"నేను నీ దగ్గర అన్న మాట ఆయనకి ఎలాగ తెలిసింది?"

"ఏ మాట?"

"ఏ మాటో నీకు తెలుసు."

విమలకుమారికి తెలిసింది. నీళ్ళలోంచి ఒక పాదం తీసి, మళ్ళీ లోపల పెట్టింది.

"నేను చెప్పేననుకుంటున్నావా?"

"నేను గోడలతో అనలేదు కదా. నీతోనే అన్నాను. పొద్దున్నా సాయంత్రం ఆయన్ని మంచం మీద పక్కకి తిప్పడానికి నువ్వే వస్తున్నావు. నేను నీళ్ళు తేడానికి వెళ్ళినప్పుడు మీరిద్దరే ఉంటారు."

"ఉంటాం."

"మరేటి మాట్లాడుకుంటారు?"

"వీపు మీద పుండు మానిందా లేదా అని మాట్లాడుకుంటాం మధూ." ఆమె గొంతు పెరగలేదు. అలసిపోయిన మనిషి గొంతు పెరగదు. "ఇన్నేళ్ళు ఆస్పత్రిలో చేసేను. పెళ్ళాలు మొగుళ్ళ గురించి, కొడుకులు తల్లుల గురించి మంచాల పక్కన నిలబడి అనే మాటలు ఎన్ని విన్నానో! నువ్వన్నది వాటిల్లో పెద్ద మాట కూడా కాదు. ప్రార్థనలో రోజూ నీ పేరు చెప్తాను. ఆ మాట మాత్రం అక్కడ కూడా చెప్పలేదు."

మధులత గుమ్మం పట్టుకుని నిలబడింది. క్షమించమని అడిగితే ఇప్పుడే అడగాలి. కానీ ఈవిడ కాకపోతే ఇంకెవరు? ఆ ప్రశ్న అడ్డం వచ్చింది.

"మరి నోట్లో నువ్వుగింజ నానదంటారు..." అంది.

విమలకుమారి పాదాలు రెండూ బయటకి తీసి తుండుతో తుడుచుకుంది. నెమ్మదిగా, వేలు వేలు మధ్యా తుడుచుకుంది.

"రేపట్నించి నేను రాన్లే. తిప్పడం నీకు వచ్చేసింది కదా. ఒక చెయ్యి భుజం కింద, ఒకటి తుంటి కింద. మీ అత్తగారిని కాళ్ళు పట్టుకోమను."

"అక్కా..."

"ఎండలో నిలబడకు. వెళ్ళు."

* * *

తిరిగొచ్చి ముందు గదిలో కుర్చీలో కూర్చుంది. లోపలికి పోవాలనిపించలేదు. వంటింట్లో అత్త మామిడికాయలు తరుగుతున్న చప్పుడు.

కూలర్ గరగరమంటోంది. నీళ్ళు అయిపోయాయి. లేచి దాని స్విచ్ ఆపింది. ఆ హోరు తగ్గి గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

పూర్తిగా నిశ్శబ్దం కాలేదు.

సన్నగా, తుమ్మెద రొదలాంటిది ఎక్కడో. ఫ్రిజ్ అనుకుంది. ఫ్రిజ్ ఈ గదిలో లేదు. వంగి బల్ల కింద చూసింది. కంప్యూటరు డబ్బా మీద పచ్చ దీపం వెలుగుతోంది. చెయ్యి ఆనించి చూస్తే వెచ్చగా ఉంది.

పొద్దున్న ఇద్దరు మనుషులు వచ్చి వెళ్ళాక తనే దాన్ని మూసేసింది. బాగా గుర్తు. తెర ఆపేసి పైన గుడ్డ కూడా కప్పింది. ఆ గుడ్డ కప్పినట్టే ఉంది.

గుడ్డ తీసి తెర బొత్తం నొక్కింది.

తెర మీద ఒక మూలగా చిన్న పెట్టెలాంటిది తెరిచి ఉంది. అందులో మైకు బొమ్మ. పక్కన ఆకుపచ్చ గళ్ళు, నిచ్చెన మెట్లలాగ. అవి ఖాళీగా ఉన్నాయి.

"ఇదేటి?" అంది పైకే.

గళ్ళు ఒక్కసారి నిండి, మళ్ళీ ఖాళీ అయ్యాయి.

ఆమె ఊపిరి బిగపట్టింది. కుర్చీ కాస్త జరిపింది. కిర్రుమన్న చప్పుడుకి రెండు గళ్ళు వెలిగాయి. ప్రింటరు పక్కన, ఇన్నాళ్ళూ పెన్నుల డబ్బాకి ఆనుకుని ఉన్న చిన్న మైకు వంక చూసింది. లోపలి గది తలుపు వంక చూసింది. ఆ తలుపు దగ్గరగా వేసి ఉంది. అవతల మంచం మీద మనిషి కదిలిన చప్పుడు కూడా లేదు.

గుడ్డ మళ్ళీ కప్పి, చప్పుడు కాకుండా వరండాలోకి నడిచింది.

అప్పుడే మహేశ్ మోటారు సైకిలు గేటు దగ్గర ఆగింది. పవర్ హౌస్ అనే బజారులో, కంప్యూటర్ల షాపులో పని అతనికి. రాయపూర్ రాజధాని అయ్యాక ఆఫీసులన్నీ కంప్యూటర్లు కొంటున్నాయని, తిండికి కూడా తీరిక ఉండటం లేదని అంటుంటాడు.

"వదినా, ఖానా ఉందా? చాలా ఆకలిగా ఉంది."

"ఆగు. లోపలికి రాకు. ఒకటి అడుగుతాను, ఇక్కడే చెప్పు. మూసేసిన కంప్యూటరు దానంతట అది తెరుచుకుంటదా?"

మహేశ్ నవ్వాడు. "దానంతట అదేం తెరుచుకోదు. అన్న తెరుస్తాడు."

"మంచం మీంచా?"

"హా. నేనే చేసి పెట్టేను కదా, హోలీ ముందు. నీకు చెప్పలేదేటి అన్న?" చేతులతో గాల్లో బొమ్మ గీస్తూ చెప్పాడు. "చూడు, ముందు గది కంప్యూటరు మూసేసినా, బోర్డు స్విచ్ ఆన్‌లో ఉంటే నీలం తీగ గుచ్చిన కార్డుకి కాస్త కరెంటు వస్తూనే ఉంటది. పడుకున్నా చెవి తెరిచుంటది, మత్లబ్. ప్రతీ కార్డుకీ ఓ నంబరుంటది. అన్న కంప్యూటరు ఆ నంబరుని పదే పదే పిలుస్తది. అది విని ఇది లేచిపోతది. బస్, అంతే. మంచం మీంచే ప్రింటు తీసుకోవచ్చు."

బోర్డు స్విచ్ ఆపొద్దని, మాటిమాటికీ ఆపితే యంత్రం పాడవుతుందని సూర్యారావు చెప్పడం ఆమెకి గుర్తొచ్చింది. మంచి మాటే కదా అని ఆమె ఆపడం మానేసింది.

"మరి మైకు?"

"ఎవరైనా తప్పులు దిద్దించుకోడానికి వస్తే అన్నే అక్కణ్ణించి మాట్లాడతాడని పెట్టేను. అటు అన్న పిలిస్తే ఇటు దానంతట అది కలుస్తది. పదిసార్లు నిన్ను లెగమంటుంటే అన్నకే సిగ్గు వదినా. 'వంటింట్లోంచి చేతులు తుడుచుకుని పరిగెడతది, ఆ బొత్తం నొక్కడానికి' అనేవాడు. అందుకే చేసేను. క్యా హువా? ఖరాబయిందా?"

"ఖరాబవలేదు. బాగా పనిచేస్తోంది." ఆమె మెట్టు మీద కూర్చుంది. "ముందు గదిలో మాట్లాడుకున్నవన్నీ ఆయనకి వినిపిస్తాయన్నమాట."

"అన్నీ అంటే... అన్న కలిపితే వినిపిస్తాయి." అని మహేశ్ ఆగిపోయాడు.

అతని మొహంలో నవ్వు ఉన్నపళంగా ఆరిపోయింది. లోపలి గది కిటికీ వంక చూశాడు, వంటింటి వేపు చూశాడు. "ఎప్పట్నించి వింటున్నాడు?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాకేటి తెలుసు? ఎందుకలా అయిపోయేవు?"

"ఏం లేదు. తీసీనా వదినా దాన్ని? దో మినట్ కా కామ్, రెండు నిమిషాల్లో అయిపోద్ది."

"వద్దు."

"మరి..."

"నువ్వు షాపుకి వెళ్ళు."

ఆకలన్న మనిషి అన్నం అడక్కుండానే బండెక్కాడు. అదెందుకో ఆలోచించే ఓపిక మధులతకి లేకపోయింది.

* * *

సూర్యారావు కళ్ళు మూసుకుని ఉన్నాడు. బల్ల మీద కంప్యూటరు తెర నల్లగా ఉంది. ఆమె వచ్చే అడుగుల చప్పుడు విని ఆపేసినట్టున్నాడు.

ఆమె మంచం అంచున కూర్చుంది. అరవాలని వరండా మెట్టు మీద అనుకుంది. ఇక్కడికొచ్చేసరికి అరుపు ఎక్కడికో పోయింది.

"విమలక్కని అనరాని మాటలన్నాను. ఇంక రానంది."

అతను కళ్ళు తెరవలేదు.

"ఆవిడ చెప్పలేదని నాకు ఒక్క మాట చెప్తే సరిపోను కదా. నన్ను వెళ్ళనిచ్చేరు."

"నువ్వు ఆవిడ మీదకి వెళ్తావని నేననుకోలేదు."

"మరెవరి మీదకి వెళ్తాననుకున్నారు?"

బయట ఎవరో కుల్ఫీ బండి గంట వాయించుకుంటూ పోయారు.

"దొంగచాటుగా ఆడవాళ్ళ మాటలు వినడం... మీరు అలాంటి మనిషి కాదు."

"కాదు." అతను ఇటు తిరగడానికి మంచం పైన కట్టిన తాడు అందుకుని గుంజుకున్నాడు. ఆమె సాయం పట్టబోతే వద్దన్నాడు. సగం తిరిగి, ఆయాసంతో ఆగాడు. "కాళ్ళున్నప్పుడు కాదు."

ఆమె జారిన దుప్పటి అతని కాళ్ళ మీదికి లాగింది.

"ఈ గదిలోకి వచ్చే ప్రతీ మనిషీ ఆ గుమ్మం దగ్గర మొహం మార్చుకుంటాడు మధూ. నువ్వు కూడా. అవతల ఏదో మాట నడుస్తుంటది, నా దగ్గరికొచ్చేసరికి ఆగిపోద్ది. మందేసుకున్నారా, దిండు సర్దనా, ఫ్యాను పెంచనా... ఇంతే. ఓ రోజు ప్రింటు తీద్దామని ఆ ముందు గది కంప్యూటర్ని లేపేను. మైకు కలిసిపోయింది. నువ్వు నవ్వుతున్నావు."

"నేనా?"

"విమలక్క ఏదో చెప్తోంది. వాళ్ళ ఆస్పత్రిలో కట్టుడు పళ్ళు పోగొట్టుకున్న ముసలాయన కథ. నువ్వు పగలబడి నవ్వుతున్నావు. ఈ ఇంట్లో నువ్వు ఇంకా అలాగ నవ్వుతావని నాకు తెలీదు." అతను పైకప్పు చూశాడు. "మర్నాడు మళ్ళీ లేపేను."

మధులత తన చేతుల వంక చూసుకుంది. మధ్యాహ్నం కలిపిన చారన్నం గోళ్ళ దగ్గర ఎండిపోయి ఉంది. కోపం తెచ్చుకుందామని వెతుక్కుంటే అలసటే దొరికింది, అడుగూ అంచూ లేనంత అలసట.

"నవ్వు కోసం కూర్చున్నారు. ఏడుపు విన్నారు."

"ఊఁ."

"ఆ మాట మీరు చచ్చిపోవాలని అన్నది కాదు."

"తెలుసు. రోజూ పొద్దున్న లేవగానే నేనూ అదే అనుకుంటాను. నువ్వు ఒక్కసారే అన్నావు." అతను చిన్నగా నవ్వబోయాడు. "ఆ మాటకి కాదు నేను తిండి మానేసింది."

"మరి?"

"వెళ్ళిపోయేదానివి నాకు చెప్పి వెళ్తావనుకున్నాను."

"ఎక్కడికి వెళ్ళిపోతున్నాను?"

అతను మొదటిసారి ఆమె కళ్ళల్లోకి చూశాడు. ఆమె మొహంలో వెతుకుతున్నది అక్కడ కనిపించకపోయేసరికి పట్టుకున్న తాడు వదిలేశాడు.

"నీకు తెలీదా?"

"ఏటి తెలీదా? సరిగ్గా చెప్పండి!"

"మొన్న నువ్వు బజారుకి వెళ్ళినప్పుడు అమ్మా, మహేశూ ముందు గదిలో మాట్లాడుకున్నారు. నువ్వు ఉన్నావేమోనని కలిపేను." మాటలు ఒక్కొక్కటే పేర్చినట్టు చెప్పాడు. "పార్వతీపురం మీ అన్నకి ఫోన్ చేసేరు. ఆదివారం సత్యారావు వస్తున్నాడు. నిన్ను తీసుకుపోడానికి. మళ్ళీ పంపడానికి కాదు... ఉంచీసుకోడానికి. నువ్వే అడిగేవేమో అనుకున్నాను."

* * *

వంటింట్లో అప్పలనర్సమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఉంది. చుట్టూ మామిడి చెక్కలు. కోడలు వచ్చి నిలబడినా తల ఎత్తలేదు.

"మా అన్నని పిలిచేవా అత్తా?"

కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"పిలిసినాను. మహేశు సేత ఫోను సేయించినాను."

"నాకు చెప్పకుండానా?"

"నీకు సెప్తే నువ్వు ఎల్నంటావు. 'నానెల్లిపోతాను' అని ఏ ఆడది నోటితో అంటాదే? ఎవులో ఒకలు దాని తరపున అనాల." ముసలావిడ ఇంకో కాయ అందుకుని నిలువునా కోసింది. "మా అత్త నా తరపున అననేదు. మీ మావ పక్షవాతంతో పడిపోయినప్పుడు నాకు నీ వయసే. ఎత్తీదాన్ని, కడిగీదాన్ని. నవ్వితే తప్పు, ఏడిస్తే తప్పు. ఆయన పోయిన్నాడు నాకు ఏడుపు రానేదు పిల్లా. అందరూ సూసినారు. ఆ కత నీకొద్దు."

"ఆయన ఏమైపోతారు?"

"ఆడు నా కొడుకు. కన్నాను గాబట్టి మోస్తాను. నువ్వేటి కన్నావని మొయ్యాల?"

"ఇన్నాళ్ళూ నేను మోసింది బరువనేనా?"

"కాదేటి?"

వంటింటి కిటికీలోంచి వేడిగాలి కొట్టింది. మామిడి పులుపు వాసన గదంతా నిండిపోయింది.

"నిన్ను తరిమీయడం నేదు," అంది అప్పలనర్సమ్మ. ఇప్పుడామె గొంతు మెత్తబడింది. "ఆడికి తెలీకుండా నీకు సెప్పాలనుకున్నాను. ఆదివారం ఒచ్చీలోపల. ఏదో ఒకటి నువ్వే సెప్పు. ఉంతానంటే సత్తేరావుకి అన్నం పెట్టి పంపీస్తాను. ఎల్తానంటే నీ సీరలు నానే మడతెడతాను. రెండింటికీ నాను కోపగించను."

కోపం రావలసింది మధులతకి. తన బతుకు గురించి తనకి తెలియకుండా గదుల్లో మాట్లాడుకున్నారు, ఫోన్లు చేసుకున్నారు, చాటుగా విన్నారు. అందరికీ తెలిసింది, తనకి తప్ప. రోషం రావాలి. కన్నీళ్ళయినా రావాలి.

ముందు వచ్చింది అవేవీ కావు. పార్వతీపురంలో తమ వీధి అరుగు వచ్చింది. ఆ అరుగు మీద ఎవరూ పిలవకుండా, ఎవరినీ ఎత్తకుండా, పొద్దు వాలేదాకా ఊరికే కూర్చున్న ఓ ఆడది కనిపించింది. అది తనే. గుండె మీంచి ఏదో పక్కకి జరిగినట్టయింది. అంత హాయిగా ఉండటం చూసి ఆమెకే భయం వేసింది.

లోపలి గదిలోంచి చప్పుడు లేదు. ఆ గదికీ వంటింటికీ మధ్య పల్చటి గోడే.

"ఏటంతావే?" అంది అప్పలనర్సమ్మ.

మధులత కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచుకుంది. తాగలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గోడకి ఆనుకుంది. లోపల ఒక మనిషి ఊపిరి బిగపట్టి ఉన్నాడని తెలుసు. నెమ్మదిగా మాట్లాడదామనుకుంది. గొంతు ఆమె మాట వినలేదు, స్పష్టంగా, గట్టిగా వచ్చింది.

"ఆదివారం మా అన్న ఏ బండికి దిగుతున్నాడత్తా?"